పనిలో చేరి ఇంజనీరు కావడం

పిల్లలూ! మీలో ఎంతమంది ఇంట్లో పాడైపోయిన గడియారాన్నో, సైకిలునో, టోస్టరునో విప్పి లోపల ఏముందో చూశారు? విప్పినవాళ్ళు తిరిగి బిగించగలిగారా అని నేను అడగను. అడిగితే నాతో సహా చాలామంది తల వంచుకోవలసి వస్తుంది.

ఒక శనివారం మన తెలుగు తరగతిలో "పెద్దయ్యాక నేను" అనే విషయం మీద పిల్లల చేత మాట్లాడించాము. పద్నాలుగేళ్ళ అబ్బాయి ఒకడు లేచి, "నేను పదహారో ఏట అప్రెంటిస్‌గా చేరతాను. తరువాత ఇంజనీరు అవుతాను" అన్నాడు. ఆ రోజు వాడిని తరగతికి తీసుకువచ్చినది వాళ్ళ అమ్మమ్మగారు. మనవడిని చూడటానికి తెనాలి నుంచి వచ్చారు. ఆవిడ వెనక కుర్చీలో కూర్చుని వింటున్నారు. వెంటనే, "అదేమిట్రా నాన్నా! ఎంసెట్ రాయకుండా ఇంజనీరెట్లా అవుతావు? అప్రెంటిస్ అంటే షెడ్డులో మెకానిక్ పనేగా?" అన్నారు. అందరూ నవ్వారు. వాడి ముఖం ఎర్రబడింది. జవాబు వాడికి తెలుసు. ఇంగ్లీషులో అయితే గడగడా చెప్పేవాడే. తెలుగులో మాటలు అందలేదు. "అది కాదు అమ్మమ్మా..." అని ఆగి, కూర్చున్నాడు.

వాడికి అందని ఆ మాటలను ఈ పాఠంలో పోగుచేసుకుందాము. మీలో కొందరికి రేపో మాపో ఇంట్లో ఇదే సంగతి చెప్పవలసి వస్తుంది.

ముందు అమ్మమ్మగారి వైపు నుంచి చూడండి. ఆవిడ అన్నదానిలో తప్పేమీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను ఇంజనీరింగు కాలేజీలో చేరాలంటే ఇంటర్మీడియట్ తరువాత ప్రవేశపరీక్ష రాయాలి. చాలా ఏళ్ళు దాని పేరు ఎంసెట్. ఇప్పుడు రెండు రాష్ట్రాలలోను ఈఏపీసెట్ అంటున్నారు. పేరు మారినా ఇళ్ళలో ఇంకా ఎంసెట్ అనే మాటే నడుస్తున్నది. ఐ.ఐ.టి.లో చేరాలంటే జె.ఇ.ఇ. అనే మరొక పరీక్ష ఉన్నది. లక్షల మంది రాస్తారు. అర్హత పొందిన ప్రతివారికీ ఒక ర్యాంకు వస్తుంది. మీ అమ్మానాన్నలలో ఎవరైనా ఇంజనీరయితే వారి ర్యాంకు ఎంతో అడిగి చూడండి. పెళ్ళిరోజు మరచిపోయినవారు కూడా ర్యాంకు మరచిపోరు.

మీరు ఉంటున్న బ్రిటనులో దేశమంతటికీ ఒకటే ఇంజనీరింగు ప్రవేశపరీక్ష లేదు. విశ్వవిద్యాలయాలు ఎ-లెవెల్ మార్కులు చూస్తాయి. గణితం తప్పకుండా ఉండాలి. చాలా చోట్ల భౌతికశాస్త్రం కూడా అడుగుతారు. కేంబ్రిడ్జి, ఇంపీరియల్ కాలేజీ వంటి కొన్ని మాత్రం మార్కులతోపాటు వేరే పరీక్ష పెడతాయి. 2024 నుంచి దాని పేరు ఈసాట్. ఇదంతా ఒక దారి. మీ బడిలో దీనిని గురించి చాలాసార్లు చెబుతారు కాబట్టి ఇక్కడ ఆపుతాను. రెండవ దారి పనిలో చేరి, జీతం తీసుకుంటూ, పైకి చదవడం. దీనిని గురించే మన ఇళ్ళలో తక్కువ మందికి తెలుసు.

అప్రెంటిస్ అనే మాటకు తెలుగులో శిష్యుడు అని చెప్పుకోవచ్చు. చేసే పనిని శిష్యరికం అంటాము. మన పల్లెల్లో కమ్మరి కొడుకు కొలిమి దగ్గర తిత్తి ఊదడంతో పని మొదలుపెట్టేవాడు. కొన్నాళ్ళకు సుత్తి చేతికి వచ్చేది. ఇనుము ఏ రంగుకు వచ్చినప్పుడు దెబ్బ వెయ్యాలో కంటితో చూసి నేర్చుకునేవాడు. వడ్రంగం, కంసాలి పని, శిల్పం అన్నీ ఇట్లాగే తరాలు దాటి వచ్చాయి. ఇంగ్లండులోనూ ఇదే పద్ధతి ఉండేది. 1563లో చేసిన చట్టం ప్రకారం ఒక చేతిపనిలో స్థిరపడదలచినవాడు ఏడేళ్ళు గురువు దగ్గర పని నేర్చుకొని తీరాలి. ఆ కట్టుబాటును 1814లో తీసివేశారు. కాని శిష్యరికం మాత్రం పోలేదు. యంత్రాలు వచ్చిన తరువాత అది కొలిమి నుంచి కర్మాగారంలోకి మారింది.

ఈ దేశపు తొలి పెద్ద ఇంజనీర్లు చాలామంది అట్లా వచ్చినవారే. సివిల్ ఇంజనీర్ల సంఘం లండనులో 1818లో ఏర్పడింది. దాని మొదటి అధ్యక్షుడు థామస్ టెల్‌ఫోర్డ్. ఆయన స్కాట్లండులో గొర్రెల కాపరి కొడుకు. పద్నాలుగో ఏట రాతిపని చేసే మేస్త్రి దగ్గర చేరాడు. వేల్సులో మెనాయ్ జలసంధి మీద 1826లో పూర్తయిన వేలాడే వంతెన ఆయన కట్టినదే. మీలో కొందరు దాని మీదుగా వెళ్ళి ఉంటారు. మెకానికల్ ఇంజనీర్ల సంఘం 1847లో బర్మింగ్‌హామ్‌లో పుట్టింది. దాని మొదటి అధ్యక్షుడు జార్జి స్టీఫెన్‌సన్. ఆయన బొగ్గుగనిలో పనివాడు. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా చదవడం, రాయడం తెలియదు. తన కూలి డబ్బుతో రాత్రిబడికి వెళ్ళి నేర్చుకున్నాడు. పై ఖర్చులకు చెప్పులు కుట్టాడు, గడియారాలు బాగుచేశాడు. 1825లో స్టాక్‌టన్, డార్లింగ్టన్ మధ్య వేసిన రైలుమార్గం ఆయన ఆధ్వర్యంలో వచ్చినదే.

వీరందరి కంటె నాకు హెన్రీ రాయిస్ కథ ఎక్కువ ఇష్టం. రోల్స్‌రాయిస్ పేరు వినని పిల్లవాడు ఉండడు గదా! ఆ పేరులోని రెండవ సగం ఈయనదే. 1863లో పీటర్‌బరో దగ్గర ఒక చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి పిండిమర నడిపేవాడు. అది దెబ్బతిని కుటుంబం లండనుకు వచ్చింది. తొమ్మిదో ఏట తండ్రి పోయాడు. పిల్లవాడు వీధుల్లో వార్తాపత్రికలు అమ్మాడు, ఇంటింటికీ టెలిగ్రాములు చేరవేశాడు. బడికి వెళ్ళిన కాలం చాలా తక్కువ. 1878లో పీటర్‌బరో రైల్వే కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరాడు. ఆ రోజుల్లో అప్రెంటిస్‌కు జీతం ఇచ్చే మాట అటుంచి, నేర్పినందుకు ఎదురు డబ్బు కట్టవలసి వచ్చేది. ఆయన బంధువు ఒకావిడ ఏడాదికి 20 పౌన్ల చొప్పున కట్టింది. మూడేళ్ళు గడిచేసరికి ఆవిడ దగ్గర డబ్బు అయిపోయింది. శిక్షణ మధ్యలోనే ఆగింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ కుర్రవాడి చేతిలో పూర్తయిన శిక్షణకు కాగితం లేదు. పెద్ద చదువు లేదు. ఇంట్లో డబ్బు లేదు. లీడ్స్ వెళ్ళి పనిముట్లు చేసే చోట చేరాడు. తరువాత లండనులో విద్యుద్దీపాల కంపెనీలో కుదిరాడు. సాయంకాలం తరగతులకు వెళ్ళి విద్యుత్తును గురించి చదివాడు. 1884లో మాంచెస్టరులో భాగస్వామితో కలిసి సొంత కార్ఖానా పెట్టాడు. 1904లో తన మొదటి కారు తయారుచేశాడు. ఆ ఏడాదే మాంచెస్టరులో ఒక హోటలులో చార్లెస్ రోల్స్‌ను కలుసుకున్నాడు. రోల్స్ ప్రభుకుటుంబంలో పుట్టినవాడు, కేంబ్రిడ్జిలో ఇంజనీరింగు చదివినవాడు. ఇద్దరూ కలిసి 1906లో కంపెనీ స్థాపించారు. కార్ల మీద రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఏది విశ్వవిద్యాలయం నుంచి వచ్చినదో, ఏది రైల్వే షెడ్డు నుంచి వచ్చినదో చూసేవారికి తెలియదు.

రాయిస్‌కు 1930లో ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. అంత పేరు వచ్చిన తరువాత కూడా ఆయన తనను మెకానిక్ అనే చెప్పుకునేవాడు. అమ్మమ్మగారు వాడిన మాటే!

మరి ఇప్పుడు సంగతి ఎట్లా ఉన్నది? రాయిస్ కాలానికి ఇప్పటికి పెద్ద తేడా డబ్బు ప్రవహించే దిక్కులో ఉన్నది. అప్పుడు ఆ బంధువు కర్మాగారానికి కట్టింది. ఇప్పుడు కర్మాగారం అప్రెంటిస్‌కు జీతం ఇస్తుంది. కాలేజీ రుసుము యజమాని, ప్రభుత్వం భరిస్తారు. ఇంతకంటె తక్కువ ఇవ్వరాదని చట్టం ఒక కనీస వేతనం పెట్టింది. 2025 ఏప్రిల్‌లో అది గంటకు 7 పౌన్ల 55 పెన్నీలు. అదే సంవత్సరం ఇంగ్లండు విశ్వవిద్యాలయాలలో చేరిన ఈ దేశపు విద్యార్థి ఏడాదికి 9,535 పౌన్ల దాకా రుసుము కట్టవలసి వచ్చింది. చాలామంది అప్పు తీసుకొని కడతారు. ఈ లెక్క ఒక్కటే చూసి దారి ఎంచుకోమని నేను చెప్పను. కాని ఇంట్లో మాట్లాడేటప్పుడు ఈ లెక్క తెలిసి ఉండాలి.

ఇంగ్లండులో అప్రెంటిస్‌గా చేరడానికి కనీసం పదహారేళ్ళు నిండి, బడి ముగించి ఉండాలి. పద్దెనిమిది వచ్చేదాకా ప్రతివారూ చదువులో గాని శిక్షణలో గాని ఉండాలని అక్కడి నియమం. అప్రెంటిస్‌గా చేరితే ఆ నియమం తీరినట్లే. శిక్షణకు మెట్లున్నాయి. రెండవ మెట్టు జి.సి.ఎస్.ఇ.తో సమానం. మూడవది ఎ-లెవెల్‌తో సమానం. నాలుగు, అయిదు మెట్లలో హెచ్.ఎన్.సి., హెచ్.ఎన్.డి. అనే అర్హతలు వస్తాయి. ఆరవ మెట్టు డిగ్రీ. ఇంజనీరింగులో చేరే పదహారేళ్ళ పిల్లలు ఎక్కువగా మూడవ మెట్టుతో మొదలుపెడతారు. అది మూడున్నర, నాలుగేళ్ళు పడుతుంది. స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండులలో పేర్లు, నియమాలు కొంత వేరు. అక్కడ ఉండే పిల్లలు తమ బడిలో అడిగి తెలుసుకోవాలి.

చేరిన తరువాత ఏం చేస్తారో చూద్దాము. మొదటి నెలల్లో చాలా చోట్ల ఒక ఉక్కు ముక్క, ఒక ఆకురాయి చేతికిస్తారు. ఆకురాయి అంటే లోహాన్ని అరగదీసే గరుకు పనిముట్టు. ఆ ముక్కను ఆరు వైపులా సమంగా, మూలమట్టంగా వచ్చేటట్టు అరగదియ్యమంటారు. ఎంత తేలిక అనిపిస్తుంది! ఒక వైపు సరిచేస్తే రెండవ వైపు వాలిపోతుంది. దానిని సరిచేసేసరికి ముక్క కొలత తగ్గిపోతుంది. మళ్ళీ కొత్త ముక్క. నేర్పేవారు మైక్రోమీటరుతో కొలిచి, మిల్లీమీటరులో పదో వంతు తప్పు ఉన్నదని వెనక్కి పంపుతారు. కొన్ని వారాలు గడిచాక మిల్లీమీటరులో వందో వంతు తేడా కూడా లెక్కకు వస్తుంది. మీ తలవెంట్రుక మందం దానికి అయిదారు రెట్లో, ఇంకా ఎక్కువో ఉంటుంది.

అరగదీసే పనులన్నీ కంప్యూటరుతో నడిచే మరలు చేస్తున్న ఈ రోజుల్లో ఇదెందుకు అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. రేపు మీరు బొమ్మ గీసి, ఈ భాగం ఇంత కొలత ఉండాలి, ఇంతకు మించి తేడా ఉండరాదు అని రాస్తారు. ఆ తేడాను ఎంత తక్కువ పెడితే అంత ఖర్చు, అంత శ్రమ. ఆ సంగతి కాగితం మీద చదివినవాడికీ, చెయ్యి నొప్పి పుట్టేదాకా అరగదీసినవాడికీ ఒకే విధంగా తెలియదు. తరువాత లేతు యంత్రం, వెల్డింగు, విద్యుత్తు తీగల అమరిక, కంప్యూటరుతో బొమ్మలు గీయడం వస్తాయి. వారంలో ఒక రోజు కాలేజీకి వెళ్ళి గణితం, పదార్థాల గుణాలు, విద్యుత్ శాస్త్రం చదువుతారు. కొన్ని కంపెనీలు వారానికొక రోజుకు బదులు కొన్ని వారాలు వరుసగా కాలేజీకి పంపుతాయి.

2015 నుంచి మరొక వీలు కలిగింది. దానిని డిగ్రీ అప్రెంటిస్‌షిప్ అంటారు. కంపెనీలో ఉద్యోగం చేస్తూనే విశ్వవిద్యాలయంలో పూర్తి డిగ్రీ చదువుతారు. సాధారణంగా ఎ-లెవెల్ గాని దానికి సమానమైన చదువు గాని ముగించి, పద్దెనిమిదో ఏట చేరతారు. నాలుగు నుంచి ఆరు సంవత్సరాలు పట్టవచ్చు. చివరికి వచ్చే డిగ్రీ మిగతా విద్యార్థులకు వచ్చే డిగ్రీ వంటిదే. రుసుము ఉండదు. డర్బీలో విమానాల ఇంజన్లు చేసే రోల్స్‌రాయిస్, బారోలో జలాంతర్గాములు కట్టే బి.ఎ.ఇ. సిస్టమ్స్, వేల్సులో బ్రోటన్ దగ్గర విమానాల రెక్కలు తయారుచేసే ఎయిర్‌బస్, రైలుమార్గాలు చూసుకునే నెట్‌వర్క్ రైల్ వంటి సంస్థలు అప్రెంటిస్‌లను చేర్చుకుంటాయి. పేరు వినని చిన్న కర్మాగారాలు కూడా చాలా ఉన్నాయి. అక్కడ పోటీ తక్కువ. ఒక్కొక్కప్పుడు రకరకాల పనులు నేర్చుకునే అవకాశం ఎక్కువ.

పదహారో ఏటనే పనిలో చేరడం ఇష్టం లేనివారికి కాలేజీలో ఉంటూ చేసే సాంకేతిక చదువులున్నాయి. టి-లెవెల్ అనే రెండేళ్ళ చదువు 2020లో మొదలైంది. ఇంజనీరింగు విషయాలు అందులో 2022లో చేరాయి. ఒక టి-లెవెల్ మూడు ఎ-లెవెల్‌లతో సమానం. అందులో కనీసం 45 రోజులు నిజమైన కర్మాగారంలోనో, కార్యాలయంలోనో గడపాలి. ఇంకొకటి బీటెక్. దీని పేరు చెప్పగానే మన ఇళ్ళలో వచ్చే గందరగోళం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. పదహారేళ్ళ అమ్మాయి హైదరాబాదులో ఉన్న పెదనాన్నగారితో ఫోనులో "బీటెక్‌లో చేరాను పెదనాన్నా" అన్నది. ఆయన సంతోషించి చుట్టాలందరికీ మిఠాయి పంచారు. ఆయన అనుకున్నది నాలుగేళ్ళ ఇంజనీరింగు డిగ్రీ. అమ్మాయి చెప్పినది ఎ-లెవెల్‌కు సమానమైన కాలేజీ చదువు. అక్షరాలు దాదాపు ఒకటే, మెట్లు వేరు. ఈ చదువుల పట్టిక ప్రభుత్వం అప్పుడప్పుడు మారుస్తూ ఉంటుంది. మీరు చేరే ఏడాది ఏది ఉన్నదో కాలేజీలో అడగండి.

ఇక పెద్దవారి కోసం ఓపెన్ యూనివర్సిటీ ఉన్నది. 1969లో స్థాపించారు. 1971లో మొదటి విద్యార్థులు చదువు ప్రారంభించారు. చాలా చదువులకు ముందు అర్హత అడగరు. ఇంజనీరింగు డిగ్రీ కూడా ఇస్తారు. ఉద్యోగం చేస్తూ ఇంటి నుంచే చదవవచ్చు. మీ అమ్మగారికి ఆసక్తి ఉంటే ఆవిడకూ చెప్పండి.

అమ్మాయిలు ఇదంతా మగపిల్లల సంగతి అనుకొని పేజీ తిప్పేస్తారేమో! బియాట్రిస్ షిల్లింగ్ అనే ఆవిడను గురించి వినండి. 1909లో పుట్టింది. పద్నాలుగో ఏట మోటారు సైకిలు కొనుక్కొని విప్పి బిగించేది. బడి ముగిశాక మార్గరెట్ పార్ట్‌రిడ్జ్ అనే మహిళ నడిపే విద్యుత్ సంస్థలో అప్రెంటిస్‌గా చేరింది. ఇళ్ళకు తీగలు అమర్చడం ఆ సంస్థ పని. షిల్లింగ్ చురుకుదనం చూసి పార్ట్‌రిడ్జే ఆమెను మాంచెస్టరు విశ్వవిద్యాలయానికి వెళ్ళమని ప్రోత్సహించింది. 1932లో పట్టం పుచ్చుకున్నది. తరువాత ఫార్న్‌బరోలో విమానాల పరిశోధనశాలలో చేరింది.

రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిషు యుద్ధవిమానాలకు ఒక చిక్కు వచ్చింది. స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలలో రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజను ఉండేది. శత్రువును తరుముతూ విమానం ముక్కును ఒక్కసారిగా కిందికి వంచితే ఇంజను తడబడి ఆగినంత పని చేసేది. ఎందుకో ఆలోచించండి. కారు గతుకులో పడినప్పుడు మీరు సీటు మీంచి పైకి లేస్తారు గదా? అట్లాగే కార్బురేటరులో పెట్రోలు పైకి ఎగిరేది. ముందు ఇంజనుకు పెట్రోలు అందేది కాదు. ఆ వెంటనే అవసరానికి మించి వచ్చి పడి ఇంజను ఉక్కిరిబిక్కిరి అయ్యేది. జర్మను విమానాల ఇంజన్లలో పెట్రోలును పంపుతో నేరుగా లోపలికి చిమ్మే ఏర్పాటు ఉండటం వల్ల వాటికి ఈ బాధ లేదు. పైలట్ల ప్రాణాల మీదికి వచ్చింది. కార్బురేటరు మొత్తం మార్చాలంటే చాలా కాలం పట్టేది. షిల్లింగ్ 1941లో ఒక చిన్న లోహపు బిళ్ళ తయారుచేసింది. మధ్యలో సరిగ్గా లెక్కకట్టిన రంధ్రం ఉంటుంది. ఇంజను పూర్తి బలంతో నడవడానికి ఎంత పెట్రోలు కావాలో అంతే ఆ రంధ్రం గుండా పోతుంది. విమానాన్ని విప్పకుండానే దానిని అమర్చవచ్చు. ఆమె తన బృందంతో విమానాశ్రయాలకు తిరిగి వాటిని బిగింపించింది. కొత్త కార్బురేటర్లు వచ్చేదాకా ఆ బిళ్ళే పని గడిపింది.

ఇప్పుడు కొంచెం చేదు మాటలు కూడా చెప్పాలి. ప్రవేశపరీక్ష లేదంటే ఎంపిక లేదని అర్థం కాదు. పెద్ద కంపెనీలలో ఒక్కొక్క చోటుకు చాలామంది దరఖాస్తు పెడతారు. దరఖాస్తు చదువుతారు, చాలా చోట్ల కంప్యూటరు మీద చిన్న పరీక్షలు పెడతారు, తరువాత ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడతారు. "మీరు ఏదైనా స్వయంగా చేసిన వస్తువు గురించి చెప్పండి" అని అడుగుతారు. టోస్టరు విప్పినవారికి అక్కడ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది, బిగించలేకపోయినా సరే. ఎందుకు బిగించలేకపోయారో చెప్పగలిగితే ఇంకా మంచిది.

జి.సి.ఎస్.ఇ.లో గణితం, ఇంగ్లీషు, సైన్సు తప్పనిసరిగా చూస్తారు. సామాన్యంగా నాలుగు గాని అంతకంటె ఎక్కువ గాని గ్రేడు కావాలి. కొందరు అయిదు, ఆరు అడుగుతారు. చదువు తప్పించుకోవడానికి ఈ దారి పనికిరాదు సుమా! అప్రెంటిస్ పగలు ఎనిమిది గంటలు పనిచేసి, అలసిపోయి ఇంటికి వచ్చి, రాత్రి లెక్కలు చేయాలి. స్నేహితులు విశ్వవిద్యాలయం సెలవుల్లో తిరుగుతూ ఉంటే వీరు పొద్దున్నే లేచి షిఫ్టుకు పోవాలి. మధ్యలో మానివేసేవారు కూడా తక్కువేమీ కాదు.

మరొక ముఖ్య విషయం. మన కుటుంబాలలో కొన్ని ఈ దేశానికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. అప్రెంటిస్‌గా చేరేవారికి ఇక్కడ పనిచేసే హక్కు ఉన్నదా, మామూలుగా మూడేళ్ళుగా ఇక్కడ నివసిస్తున్నారా అని చూస్తారు. మీ వీసా ఏ రకమో, ఎప్పుడు వచ్చారో మీ అమ్మానాన్నలను ముందే అడిగి తెలుసుకోండి. చివరి నెలలో తెలిస్తే చెయ్యగలిగేది తక్కువ.

అమ్మమ్మగారు "ఇంజనీరెట్లా అవుతావు?" అన్నారు గదా. ఈ దేశంలో ఇంజనీరు అనే మాటను ఎవరైనా వాడుకోవచ్చు. దానిని చట్టం ఆపదు. బాయిలరు బాగుచేసేవారు, వాషింగ్ మెషీను బాగుచేసేవారు కూడా తమను ఇంజనీరు అనే చెప్పుకుంటారు. కాని మూడు బిరుదులు మాత్రం ఇంజనీరింగ్ కౌన్సిల్ అనుమతి లేనిదే వాడరాదు. అవి ఇంజనీరింగ్ టెక్నీషియన్, ఇన్‌కార్పొరేటెడ్ ఇంజనీర్, చార్టర్డ్ ఇంజనీర్. ఆ కౌన్సిల్ 1981లో ఏర్పడింది. వీరు చదువు, అనుభవం, బాధ్యతతో చేసిన పని చూసి బిరుదు ఇస్తారు. అప్రెంటిస్‌గా మొదలుపెట్టినవారు మొదట టెక్నీషియన్ అయి, పై చదువులు చదువుకుంటూ చార్టర్డ్ ఇంజనీర్ దాకా వెళ్ళవచ్చు. అందుకు పదేళ్ళో పదిహేనేళ్ళో పట్టవచ్చు.

మన తెలుగుదేశంలో కూడా పరీక్ష ర్యాంకు ఒక్కటే దారి కాదని అమ్మమ్మగారికి గుర్తు చేయవచ్చు. వారి తరంలో ఎల్.సి.ఇ., ఎల్.ఎం.ఇ. అనే డిప్లొమాలు చదివి ప్రభుత్వ శాఖల్లోను, రైల్వేల్లోను చేరినవారు ఎందరో ఉండేవారు. అట్లాంటివారిలో కొందరు ఉద్యోగం చేస్తూనే రాత్రులు చదివి ఎ.ఎం.ఐ.ఇ. పరీక్షలు ప్యాసయ్యేవారు. ఆ పరీక్షలు పెట్టినది 1920లో స్థాపించిన భారత ఇంజనీర్ల సంస్థ. అది ప్యాసయితే డిగ్రీతో సమానంగా చూసేవారు. ప్రభుత్వం ఆ గుర్తింపును 2013 మే 31 వరకు పేరు నమోదు చేసుకున్నవారికే పరిమితం చేసింది. ఇప్పుడు పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా చదివి, ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో చేరే వీలున్నది. అయితే ఆ రెండు చోట్లా ప్రవేశపరీక్షలున్నాయి. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టారు. ఊళ్ళలో ట్రిపుల్ ఐటీ అంటారు. అక్కడ సాధారణంగా పదవ తరగతి మార్కులను బట్టే చేర్చుకుంటారు. ప్రభుత్వ బడుల పిల్లలకు కొంత మొగ్గు ఉంటుంది. ఆరేళ్ళు అక్కడే ఉండి చదివితే ఇంజనీరింగు డిగ్రీ చేతికి వస్తుంది. కోచింగు సెంటరు మెట్లు ఎక్కే స్తోమత లేని పల్లెటూరి పిల్లలు ఎందరో ఆ దారిన వచ్చారు.

మీరు తొమ్మిదవ తరగతిలోనో పదవ తరగతిలోనో ఉంటే ఇప్పుడు చెయ్యవలసినవి రెండు. గణితం, సైన్సు వదలకండి. పరికరాలతో పని నేర్పే పాఠం మీ బడిలో ఉంటే తీసుకోండి. ఇక పదకొండవ తరగతిలో ఉన్నవారు శీతాకాలం నుంచే ఖాళీల ప్రకటనలు చూడాలి. చాలా పెద్ద కంపెనీలు సెప్టెంబరులో మొదలయ్యే శిక్షణకు నెలల ముందే దరఖాస్తులు మూసివేస్తాయి. పరీక్షలు అయ్యాక చూద్దామనుకొని కూర్చున్నవారికి ఒక ఏడాది పోతుంది.

ఆ తరువాతి శనివారం అబ్బాయి మళ్ళీ లేచాడు. ఈసారి తెలుగులో మాటలు రాసుకొని వచ్చాడు. "అమ్మమ్మా, నాలుగేళ్ళు జీతం ఇస్తూ నేర్పుతారు. వారానికొక రోజు కాలేజీ ఉంటుంది. తరువాత డిగ్రీకి వాళ్ళే పంపవచ్చు" అని చదివాడు. అమ్మమ్మగారు అంతా విని, "డిగ్రీకి తప్పకుండా పంపుతారా, పంపవచ్చునా?" అని అడిగారు. "అన్ని చోట్లా పంపరు. చేరే ముందే అడగాలి" అన్నాడు వాడు. "అయితే అడిగి, రాయించుకొని మరీ చేరు" అన్నారావిడ.

అభ్యాసం

రాయిస్ కాలపు అప్రెంటిస్‌కూ ఇప్పటి అప్రెంటిస్‌కూ డబ్బు విషయంలో తేడా ఏమిటి?

షిల్లింగ్ చేసిన బిళ్ళ ఇంజనును ఎట్లా కాపాడింది? బొమ్మ గీసి, మీ మాటల్లో అయిదు వాక్యాలు రాయండి.

బీటెక్ అనే మాటకు ఇక్కడ ఒక అర్థం, హైదరాబాదులో ఒక అర్థం ఉన్నాయి. ఇట్లా రెండు చోట్ల రెండు అర్థాలున్న మాటలు మీ ఇంట్లో ఇంకేవి ఉన్నాయి?

మీ తాతగారినో అమ్మమ్మగారినో అడిగి, వారి ఊళ్ళో శిష్యరికం చేసి పని నేర్చుకున్న ఒకరిని గురించి తెలుగులో పది వాక్యాలు రాసుకొని రండి.